అడ్రినల్ గ్రంథికి రక్తం ఎన్ని దారుల్లో వస్తుంది? ‘మూడు ధమనుల’ లెక్క వెనక అసలు సంగతి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో కడుపునొప్పి అనో, కిడ్నీలో రాయి ఉందేమోననో సీటీ స్కాన్ తీయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కొందరు బరంపురం వెళ్తారు, కొందరు శ్రీకాకుళమో విశాఖో పోతారు. రాయి సంగతి తేలుతుంది. దాంతోపాటు ఎవరూ అడగని ఒక వాక్యం రిపోర్టు అడుగున కనబడుతుంది: ఎడమ సుప్రారీనల్ గ్రంథిలో 14 మిల్లీమీటర్ల చిన్న గడ్డ. ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో చుట్టాలందరికీ చేరేలోపు ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ‘రీనల్’ అంటే కిడ్నీ అని అందరికీ తెలుసు. సరిహద్దు దాటితే ఉద్దానం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని సంసారాలను కుదిపేసిందో ఇక్కడివాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు, ఆడపిల్లల్ని ఇచ్చిందీ తెచ్చుకుందీ ఆ ఊళ్లతోనే. “ఏం బాబూ, మనకీ కిడ్నీ జబ్బు పట్టుకుందా?” అని పెద్దవాళ్లు అడిగేది అందుకే.

పట్టుకోలేదు. ఆ గ్రంథి వేరు, కిడ్నీ వేరు. ఆ మాట విన్నాక కాస్త చదువుకున్న పిల్లలు ఫోన్‌లో వెతుకుతారు. ఒకచోట దీనికి మూడు ధమనులని ఉంటుంది, ఇంకోచోట యాభై అరవై అని, మరోచోట మధ్య ధమని చాలామందికి ఉండనే ఉండదని. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది చదివే మన పిల్లలకీ పరీక్ష ముందురోజు ఇదే తలనొప్పి. నిజానికి ఈ మూడు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. ఎవరు దేన్ని లెక్కపెడుతున్నారో చూస్తే చిక్కు విడిపోతుంది.

కిడ్నీ మీద ఉన్నా కిడ్నీ కాదు

అడ్రినల్, సుప్రారీనల్, అధివృక్క గ్రంథి: మూడూ ఒకదాని పేర్లే. రెండు ఉంటాయి, ఒక్కో కిడ్నీ పైకొసన ఒకటి. పెద్దవాళ్లలో ఒక్కోటి 4, 5 గ్రాములు తూగుతుంది. కుడివైపుది మూడు మూలలుగా, ఎడమవైపుది నెలవంక వంపుతో ఉంటుంది. కిడ్నీని చుట్టిన పొరే దీన్నీ చుట్టి ఉంచుతుంది కానీ రెంటికీ మధ్య కొవ్వు, పలుచని అడ్డుపొర ఉంటాయి. పుట్టుకతో కిడ్నీ తన చోటికి చేరకుండా కింద పొత్తికడుపులోనే ఉండిపోయినవాళ్లలో కూడా అడ్రినల్ మాత్రం పైన తన చోట తాను ఉంటుంది. రెండూ వేర్వేరు అవయవాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గ్రంథిని కోసి చూస్తే బయట కార్టెక్స్, లోపల మెడుల్లా. కార్టెక్స్ మూడు వరుసలు: పై వరుసలో ఉప్పునీ బీపీనీ చూసుకునే ఆల్డోస్టిరాన్, మధ్య వరుసలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, లోపలి వరుసలో కొద్దిగా పురుష హార్మోన్లు తయారవుతాయి. మెడుల్లాలో అడ్రినలిన్. గ్రంథి బరువులో ఎక్కువ భాగం కార్టెక్స్‌దే.

రిపోర్టులోని 14 మిల్లీమీటర్ల గడ్డ సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. వేరే పని మీద తీసిన స్కాన్‌లో ఇలా అనుకోకుండా కనబడే అడ్రినల్ గడ్డలు వయసు పెరిగేకొద్దీ ఎక్కువ, వాటిలో అత్యధికం హాని లేనివి, హార్మోన్ కూడా విడుదల చేయనివి. సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీళ్లకి 0. రంగుమందు ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి 10 యూనిట్లు, అంతకన్నా తక్కువ చూపిస్తే అందులో కొవ్వు బాగా ఉందని, అది అడినోమా అనే మామూలు గడ్డేనని రేడియాలజిస్టులు తీర్మానిస్తారు. అయితే స్కాన్ చెప్పేది రూపం వరకే. అది హార్మోన్ విడుదల చేస్తుందా లేదా అన్నది రక్తపరీక్షల్లో తేలాలి. ఆ రిపోర్టులో ధమనుల ఊసు సాధారణంగా ఉండదు. అవి ఉన్నా మామూలు సీటీలో సరిగా కనబడనంత సన్నం.

రక్తం బయల్దేరే మూడు చోట్లు

గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిని మహాధమని అంటారు. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర, అదే ఉదరవితానం, దాని వెనక నుంచి మహాధమని కడుపులోకి వస్తుంది. వెన్నుపూసల లెక్కలో అది 12వ వక్ష పూస ఎత్తు. అడ్రినల్ గ్రంథులూ ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి, మహాధమనికి చెరో పక్క.

పై వైపు నుంచి వచ్చేవి ఉదరవితానం అడుగుభాగానికి రక్తం తీసుకెళ్లే ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమని కొమ్మలు. ఆ ధమని పైకి పోతూ దారిలో గ్రంథికి సన్నని కొమ్మలు విడుస్తుంది. వీటిని సుపీరియర్ సుప్రారీనల్ ధమనులంటారు. ఇక్కడ బహువచనం ముఖ్యం, చాలామందిలో ఇవి ఒకటి రెండు కాదు, అరడజను దాకా ఉంటాయి. మధ్యలోది మిడిల్ సుప్రారీనల్ ధమని. ఇది నేరుగా మహాధమని పక్క నుంచే పుడుతుంది, పేగులకి వెళ్లే సుపీరియర్ మెసెంటెరిక్ ధమని ఎత్తులో. కుడివైపు ఇది గ్రంథిని చేరాలంటే కింది మహాసిర, అంటే ఒంటి కింది సగం నుంచి గుండెకి రక్తం చేర్చే పెద్ద సిర, వెనక నుంచి దూరి పోవాలి. కింది నుంచి వచ్చేది ఇన్ఫీరియర్ సుప్రారీనల్ ధమని, కిడ్నీకి వెళ్లే రీనల్ ధమని కొమ్మ. గుండె నిమిషానికి పంపే రక్తంలో ఐదో వంతు, ఇంకాస్త ఎక్కువ, రెండు కిడ్నీలకే పోతుంది. ఆ ప్రవాహంలోంచి కొద్దిపాటి వాటా దారిలోనే పైకి మళ్లుతుంది.

పాఠ్యపుస్తకంలో బొమ్మ ఇక్కడితో ఆగుతుంది: పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి. చక్కగా ఎర్రరంగు వేసి ఉంటుంది.

ఆ ‘మూడు’ మూలాల లెక్క, గొట్టాల లెక్క కాదు

డిసెక్షన్ బల్ల దగ్గర ఆ బొమ్మ పనికొచ్చేది కొంతవరకే. కిడ్నీ పైన కొవ్వు లేత పసుపు, గ్రంథి దానికన్నా ముదురు పసుపు. ఫార్మలిన్‌లో నానిన శరీరంలో ఆ తేడా కూడా తగ్గిపోతుంది. చూపు కన్నా వేలికి ముందు తెలుస్తుంది, మెత్తటి కొవ్వులో కాస్త గట్టిగా తగిలే పలక. ఫోర్సెప్స్‌తో కొవ్వు ఒలుస్తుంటే దారాల్లాంటివి తెగిపోతుంటాయి, అవే ధమనులని తెలిసేసరికి సగం పోయి ఉంటాయి. “మిడిల్ ధమని దొరకలేదు సార్” అనే మాట ప్రతి బ్యాచ్‌లోనూ వినబడేదే. నిజంగా లేకపోయి ఉండొచ్చు, ఒలవడంలో పోయి ఉండొచ్చు.

పై మూడు మూలాల నుంచి వచ్చిన కొమ్మలు గ్రంథిని చేరేముందు చీలి, మళ్లీ చీలి, చివరికి దాని తొడుగును యాభై అరవై చోట్ల తాకుతాయి. యాభై అరవై అన్నవాళ్లు ఈ చివరి కొమ్మల్ని లెక్కపెట్టారు. మూడు అన్నవాళ్లు పుట్టిన చోట్లను లెక్కపెట్టారు. రెండు అన్నవాళ్లు మధ్యదాన్ని వదిలేశారు, అందుకు వాళ్ల కారణం వాళ్లకుంది.

మధ్య ధమని మీదే అసలు వాదన. అది కొందరిలో ఒక పక్కే ఉంటుంది, కొందరిలో రెండు పక్కలా ఉండదు, కొందరిలో మహాధమని నుంచి కాకుండా సీలియాక్ ట్రంక్ (జీర్ణాశయం, కాలేయం వైపు వెళ్లే పెద్ద కొమ్మ) నుంచో, ఫ్రెనిక్ నుంచో, రీనల్ నుంచో వస్తుంది. అలా వచ్చినదాన్ని ‘మిడిల్’ అనొచ్చా? గ్రంథి మధ్యభాగాన్ని చేరితే చాలు, ఎక్కడ పుట్టినా అది మిడిల్ ధమనేనని కొందరంటారు. మహాధమని నుంచి పుడితేనే ఆ పేరు, లేకపోతే లేనట్టేనని మరికొందరు. నిర్వచనం మారితే ‘లేనివాళ్ల’ శాతం కూడా మారిపోతుంది. వేర్వేరు పరిశీలనల్లో అంకెలు పొంతన లేకుండా ఉండడానికి శరీరాల తేడా ఎంత కారణమో ఇదీ అంత కారణం. పుట్టుక చోటును బట్టి పేరు పెట్టడం చదువుకి సుళువు, చేరే చోటును బట్టి పెట్టడం ఆపరేషన్‌కి సుళువు.

పై మూలం కూడా అంత స్థిరం కాదు. ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమని కొందరిలో మహాధమని నుంచి, దాదాపు అంతమందిలో సీలియాక్ ట్రంక్ నుంచి పుడుతుంది. అప్పుడప్పుడు రీనల్ ధమని నుంచీ రావొచ్చు. అలాంటి మనిషిలో పై కొమ్మలూ కింది కొమ్మా చివరికి ఒకే ధమని సంతానం.

ఇంత తేడా ఎందుకంటే పిండదశకి వెళ్లాలి. తొలి వారాల్లో మహాధమని రెండు పక్కల నుంచి, వరుసగా, ఎన్నో చిన్న ధమనులు అప్పటి తాత్కాలిక మూత్రపిండానికీ పక్కనున్న కణజాలానికీ వెళ్తాయి. తర్వాత వాటిలో చాలావరకు మాయమవుతాయి. మిగిలినవే ఫ్రెనిక్, అడ్రినల్, రీనల్, బీజకోశ ధమనులుగా స్థిరపడతాయి. ఏవి మిగలాలో అందరిలో ఒకేలా తేలదు. పైగా పిండంలో అడ్రినల్ చాలా పెద్దది. పుట్టినప్పుడు కూడా కిడ్నీలో మూడో వంతు ఉంటుంది, పెద్దయ్యాక ముప్పయ్యో వంతుకి పడిపోతుంది. పసితనంలో కుంచించుకుపోయే అవయవానికి అన్నివైపుల నుంచీ రక్తపు దారులు మిగిలిపోవడం వింతేమీ కాదు.

లోపలికి వెళ్లాక రక్తం రెండు తోవల్లో నడుస్తుంది

నా మటుకు ఈ గ్రంథిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. తొడుగు కింద ఆ యాభై అరవై కొమ్మలు కలిసి ఒక అల్లికగా మారతాయి. పై నుంచి వచ్చిన రక్తం, కింది నుంచి వచ్చిన రక్తం ఇక్కడ కలిసిపోతాయి. అందుకే ఒక మూలం మూసుకుపోయినా గ్రంథికి అంతగా పట్టదు.

అల్లిక నుంచి ఎక్కువ రక్తం సైనుసాయిడ్లనే పలుచని గోడల సన్నని నాళాల్లో కార్టెక్స్ గుండా లోపలికి దిగుతుంది. మొదట ఆల్డోస్టిరాన్ కణాలు, తర్వాత కార్టిసాల్ కణాలు, తర్వాత లోపలి వరుస, అలా తడుముకుంటూ మెడుల్లా చేరుతుంది. రెండో తోవ వేరు: కొన్ని చిన్న ధమనులు కార్టెక్స్‌లో ఎక్కడా ఆగకుండా నేరుగా మెడుల్లాకే పోతాయి. మెడుల్లాకి అందే రక్తం ఇలా రెండు రకాలు: కార్టెక్స్ హార్మోన్లు నింపుకున్నది ఒకటి, ఇంకా ఆక్సిజన్ ఖర్చుకాని తాజాది ఒకటి.

మొదటి రకంలో కార్టిసాల్ ఒళ్లంతా తిరిగే రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాంతో పని ఏమిటి? మెడుల్లా కణాలు ముందు నారడ్రినలిన్ తయారుచేస్తాయి. దాన్ని అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్‌కి పొడుగ్గా ఒక పేరుంది, పొట్టిగా పీఎన్ఎంటీ అంటారు. ఈ ఎంజైమ్ బాగా తయారవ్వాలంటే అంత మోతాదులో కార్టిసాల్ కావాలని 1960ల్లో రిచర్డ్ వర్ట్‌మన్, జూలియస్ ఆక్సెల్‌రాడ్ జంతువుల్లో చూపించారు. గోపాల్‌పూర్ జాలర్ల వలల్లో పడే సొరచేపల్లో ఈ రెండు కణజాలాలూ మనలో మాదిరి ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండవు, విడివిడిగా ఉంటాయి. ఆ జాతి చేపల్లో నారడ్రినలిన్‌దే పైచేయిగా కనబడడం ఈ వాదనకి బలం.

అయితే రక్తం దారి ఒక్కటే మొత్తం కథ చెబుతుందా అన్నది వేరే ప్రశ్న. మనిషి గ్రంథిలో కార్టెక్స్‌కీ మెడుల్లాకీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు, రెండు రకాల కణాలూ అక్కడక్కడ ఒకదానిలోకొకటి చొచ్చుకుని పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి కార్టిసాల్ రక్తంలో కొట్టుకొచ్చే అవసరం లేకుండా పక్క కణం నుంచి నేరుగా కూడా అందొచ్చని చెప్పేవాళ్లున్నారు. రెండు మాటలకీ పొత్తు కుదురుతుంది. ఏది ఎంత వాటా అన్నదే తేలాల్సింది.

బయటికి పోయే దారి ఒకటే

ఇన్ని ధమనులు లోపలికొస్తే సిర మాత్రం గ్రంథికి ఒక్కటే. మూడు వైపుల నుంచీ చిన్నచిన్న బోదెలు వచ్చి పడే వరిమడికి నీళ్లు పోవడానికి ఒకే తూము ఉన్నట్టు.

ఆ సిర కుడి ఎడమల్లో ఒకేలా ఉండదు. కుడిది చాలా పొట్టి, సెంటీమీటరు కూడా ఉండకపోవచ్చు, తిన్నగా కింది మహాసిర వెనకపక్క కలుస్తుంది. ఎడమది రెండు మూడు సెంటీమీటర్లు కిందికి నడిచి, దారిలో ఫ్రెనిక్ సిరను కలుపుకుని, ఎడమ రీనల్ సిరలో పడుతుంది.

ఎడమ పక్క ఒక రక్తపు బొట్టు వెంట పోయి చూద్దాం. మహాధమని, అక్కడి నుంచి ఎడమ రీనల్ ధమని, కిడ్నీలోకి వెళ్లకుండానే పైకి మళ్లి ఇన్ఫీరియర్ సుప్రారీనల్ ధమని, తొడుగు కింద అల్లిక, కార్టెక్స్, మెడుల్లా, మధ్య సిర, ఎడమ అడ్రినల్ సిర, ఎడమ రీనల్ సిర, కింది మహాసిర. వెళ్లింది కిడ్నీ ధమనిలో, వచ్చింది కిడ్నీ సిరలో, మధ్యలో కిడ్నీ గడప తొక్కలేదు.

దారి ఒకటే కావడం డాక్టర్లకు ఒక విధంగా మేలు. బీపీకి కారణం ఆల్డోస్టిరాన్ అని తేలాక అది ఏ పక్క గ్రంథి నుంచి ఎక్కువగా వస్తోందో చూడాలంటే రెండు సిరల్లోకీ సన్నని గొట్టం పంపి రక్తం తీస్తారు. ఒక్కచోట తీస్తే చాలు, ఆ గ్రంథి మొత్తం ఉత్పత్తి అందులోనే ఉంటుంది. ఇబ్బందల్లా కుడిదానితోనే, అంత పొట్టి సిర నోరు పట్టుకోవడం చేయి తిరిగినవాళ్లకీ ఒక్కోసారి కుదరదు.

రక్తం లోపలే నిలిచిపోతే

కార్టెక్స్‌కీ మెడుల్లాకీ సంధి దగ్గర లెక్కలేనన్ని సైనుసాయిడ్లు ఒక్కసారిగా కొద్దిపాటి సిరల్లోకి ఇరుక్కోవాలి. ఈ చోటునే రక్తనాళ ఆనకట్ట అంటారు. పైగా మధ్య సిర గోడలో నిలువు కండర కట్టలు మందంగా ఉంటాయి, అవి బిగిస్తే దారి ఇంకా ఇరుకు.

ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకిన మనిషినో, పెద్ద ఆపరేషన్ అయిన మనిషినో తీసుకోండి. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను గుమ్మరిస్తుంది. దాంతో అడ్రినల్‌కి వచ్చే రక్తం పెరుగుతుంది. అదే సమయంలో ఎగసిన అడ్రినలిన్ వల్ల సిర బిగుస్తుంది, రక్తంలోని ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి. రాక పెరిగి పోక తగ్గితే గ్రంథి లోపలే రక్తం చిమ్ముతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లలో, కష్టమైన కాన్పులో పుట్టిన పసివాళ్లలో కూడా ఇది జరుగుతుంది. మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకాకస్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో రెండు గ్రంథుల్లోనూ ఇలా రక్తస్రావమై ప్రాణం మీదికి రావడాన్ని వాటర్‌హౌస్–ఫ్రిడెరిక్సన్ సిండ్రోమ్ అంటారు. 1911లో ఒకరు, 1918లో మరొకరు రాసిన వివరణల మీద వచ్చిన పేరిది. ఇన్ని ధమనులున్న గ్రంథి రక్తం అందక చావడం అరుదు, రక్తం పోలేక చితకడమే దాని అసలు బలహీనత.

కిడ్నీ దానం చేసిన తల్లి అడ్రినల్ ఏమవుతుంది

ఈ ప్రాంతంలో ఇది కాగితం మీద ప్రశ్న కాదు. కొడుక్కి తల్లి కిడ్నీ ఇస్తుంది. వీలైతే ఎడమదే తీస్తారు, దాని సిర పొడుగు కాబట్టి అతికించడం సుళువు. అలా తీయాలంటే రీనల్ ధమనిని మహాధమని దగ్గరే కత్తిరిస్తారు, దాంతో అడ్రినల్‌కి కింది మూలం పోతుంది. సిర పొడుగు దక్కాలంటే అందులో కలిసే అడ్రినల్ సిరనూ కట్టి కోస్తారు. అంటే ఒక మూలం, ఉన్న ఒకే ఒక పెద్ద దారి, రెండూ పోయాయి. అయినా చాలామందిలో ఆ గ్రంథి అక్కడే బతికి పనిచేస్తుంది. పై నుంచి ఫ్రెనిక్ కొమ్మలు, ఉంటే మధ్య ధమని రక్తం ఇస్తూనే ఉంటాయి. తిరుగు రక్తం తొడుగు మీది చిన్న సిరల గుండా పక్కకి తోవ వెతుక్కుంటుంది. ఒకే సిర అని పైన చెప్పింది పెద్ద దారి గురించే. మామూలు రోజుల్లో లెక్కలోకి రాని సన్నదారులు గ్రంథి చుట్టూ ఉన్నాయి.

గడ్డ వరకే తీసి గ్రంథి ఉంచే ఆపరేషన్లలో సర్జన్ల మధ్య అభిప్రాయభేదం ఇక్కడి నుంచే మొదలైంది. ప్రధాన సిరను కాపాడకపోతే మిగిల్చిన ముక్క ఉబ్బి చచ్చిపోతుందని ఒక వర్గం. సిర పోయినా హార్మోన్ అందుతూనే ఉన్న రోగులను చూశామని ఇంకో వర్గం. మిగిల్చే ముక్క ఎంత, దాని చుట్టూ కొవ్వును ఎంత కదపకుండా ఉంచారు అన్నదాన్ని బట్టి ఇద్దరి అనుభవమూ నిజం కావొచ్చు, ఎందుకంటే ఆ సన్నని నాళాలు వచ్చేది ఆ కొవ్వులోంచే.

మొత్తం తీసేటప్పుడు ముందు ఏది

1992లో మిషెల్ గాన్యే బృందం చిన్న రంధ్రాల ద్వారా అడ్రినల్ తీసిన విధానాన్ని ప్రకటించింది. ఇప్పుడు చాలా గడ్డలకు అదే పద్ధతి. అందులో ధమనులను ఒక్కొక్కటిగా వెతికి కట్టరు. గ్రంథి అంచు వెంట వేడితో మూసే పరికరం నడిపిస్తూ, అడ్డొచ్చినవన్నీ మూసేస్తూ పోతారు. సిరకి మాత్రం విడిగా క్లిప్ వేస్తారు.

ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ అడ్రినలిన్ జాతి హార్మోన్లను గుమ్మరిస్తుంది, చెయ్యి తగిలితేనే బీపీ ఆకాశానికి పోతుంది. అందుకని గడ్డను కదపకముందే సిరను మూసేయాలన్నది పాత నియమం. దీనికి ఎదురు వాదన: సిర ముందు మూస్తే యాభై దారుల్లో రక్తం వస్తూనే ఉంటుంది, గడ్డ ఉబ్బి రక్తం కారడం ఎక్కువవుతుంది, కుడివైపు ఆ పొట్టి సిరను గుడ్డిగా వెతికితే మహాసిర చిరిగే ప్రమాదం. ఆపరేషన్‌కి ముందు ఆల్ఫా బ్లాకర్ మందులతో బీపీని అదుపులోకి తెచ్చుకుంటున్న ఈ రోజుల్లో వరుస అంత ముఖ్యం కాదనే సర్జన్లు పెరిగారు. సిర ముందే మూయాలనే వాళ్లూ గణనీయంగానే ఉన్నారు.

ధమనిలోకి గొట్టం పంపి రక్తం ఆపే రేడియాలజిస్టులకి చిక్కు ఇంకోలా ఎదురవుతుంది. అడ్రినల్ గడ్డకి రక్తం ఆపాలంటే ఒక ధమనిని మూస్తే సరిపోదు, మిగతావి అల్లికలో కలిసి ఉన్నాయి కాబట్టి గడ్డ బతికిపోతుంది. కాలేయ క్యాన్సర్ దగ్గర దీనికి తిరగేసిన సమస్య. కాలేయం పైభాగంలో పెరిగిన క్యాన్సర్ తరచుగా కుడి ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమని నుంచి రక్తం లాక్కుంటుంది, దానిలోకి మందు వదలాల్సి వస్తుంది. అదే ధమని నుంచి అడ్రినల్‌కి పై కొమ్మలు పోతున్నాయి కాబట్టి, మందు గ్రంథిలోకి పోకుండా గొట్టం కొసను ఆ కొమ్మలు దాటించి ముందుకు తీసుకెళ్లాకే వదులుతారు.